మెట్ల కింద కుళాయి

సండర్లాండ్‌లో నవంబరు. మూడున్నర దాటితే చీకటి.
నా ముందు పద్దెనిమిది పేర్ల జాబితా.
మార్చిలోనూ ఇదే జాబితా, ఇదే వరస.
అప్పుడు పేరు పక్కన ఇంటూ పెట్టాను,
ఇప్పుడు టిక్కు.

"తప్పు అనే మాట ఎక్కడా రాయకు," అన్నాడు గావిన్,
"దిద్దుబాటు అను."
ఆయన కప్పులో టీ సంచి తీయడం మరిచిపోయాడు,
నల్లగా దిగిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేది మా అమ్మమ్మ.
మాది నీళ్ల కంపెనీ.
కాలు కడుక్కున్నా మీటరు తిరుగుతుంది.

మొదటి పేరు లొరేన్ హెడ్లీ.
ఇరవై రెండేళ్లు ఆ మూల కుర్చీలో,
విరిగిన చేతికి నల్ల టేపు చుట్టిన కుర్చీ.
గోడలోంచి ఏదో చప్పుడు అని ఎవరైనా ఫోన్ చేస్తే
"ఫోను గోడకి ఆనించు, పెట్," అనేది.
పెట్ అంటే ఇక్కడ మన 'బంగారం' లాంటి మాట,
బస్సు డ్రైవరు కూడా అంటాడు.
కళ్లు మూసుకునేది. చెయ్యెత్తి మా కబుర్లు ఆపేది.
"ఏం లేదు, టాయిలెట్ ట్యాంకులో బంతి సరిగా కూచోలేదు."
ఇంకోసారి,
"ఇది పైపే. మెట్ల కింద కుళాయి ఉంటుంది చూడు,
కుడికి తిప్పు. బిగుసుకుంటే పాతగుడ్డ చుట్టి తిప్పు.
నేను లైన్లోనే ఉంటా."

యంత్రం వచ్చి
నలభై సెకన్లలో కాల్ తేల్చింది.
గ్రాఫు జారుడుబండలా దిగింది, మేం కేకు కోశాం.
గోడకి ఆనించిన ఫోన్లలో నీళ్ల చప్పుడు విని
'కస్టమరు మాట్లాడుట లేదు' అని రాసుకుని
శుభదినం చెప్పి మరీ పెట్టేసింది.

ఇక్కడి యాస కూడా దాని బుర్రకెక్కలేదు.
'ఏటి సేస్తన్నారు' అని నేనంటే
బెజవాడ హాస్టల్లో నవ్వేవాళ్లు,
నవ్వాక, ఏంటీ, అని మళ్లీ అడిగేవాళ్లు.

సౌత్‌విక్‌లో ఒక ముసలాయన పదకొండుసార్లు చేశాడు.
పదకొండుసార్లూ 'పరిష్కరించబడినది'.
వంటింటి కప్పు కూలినప్పుడు
పెరట్లో పావురాలకి గింజలు వేస్తున్నాడట.
అదొక్కటే మా అదృష్టం. లాయరు కూడా ఆ మాటే అన్నాడు.

నాలుగో రింగుకి ఎత్తింది. నిద్ర గొంతు.
ఇప్పుడు బేకరీలో చేస్తోంది, తెల్లారి మూడింటి షిఫ్టు.
నేను చెప్పుకుంటూ పోయాను. దిద్దుబాటు అన్నాను.
ఆ మాట నాలిక మీద చిల్లర నాణెంలా ఉంది.

"మార్చిలో ఆ ఉత్తరం నువ్వేనా రాసింది?"

అబద్ధానికి ఒక్క క్షణం దారి కనబడింది.
"యంత్రం రాసింది. సంతకం నాది."

"అనుకున్నా. నువ్వు రాస్తే ఒక్క తప్పయినా దొర్లేది,
రెండోసారి చదివేదాన్ని."

జీతం చెప్పాను. పాతదే.
నవ్విందో దగ్గిందో తెలీలేదు.
"మా బేకరీవాడు గంటకి యాభై పెన్నీలు తక్కువిస్తాడు,
రోజూ రెండు రొట్టెలు చేతిలో పెడతాడు.
పొమ్మనాల్సి వస్తే
ఆ పిండి మొహం వేసుకుని వాడే వస్తాడులే."

ఆ తర్వాత ఇద్దరం ఊరుకున్నాం.
నలభై సెకన్లు ఎప్పుడో దాటాయి.
కిటికీ అద్దంలో వంతెన దీపాలు, వాటి కింద
వేర్ నది ఉందని నమ్మాలంతే, కనబడదు.
ఇంకా పదిహేడు పేర్లు.
అటువైపు ఏదో, టప్.
ఆగి, టప్.

"వినబడుతోందా?"
"ఏమిటది?"
"నీళ్ల కంపెనీ నీది. నువ్వే చెప్పు."

హెడ్‌సెట్ తీసేసి ఫోన్ చెవికి ఆనించాను.
కళ్లు మూసుకున్నాను.
వెనక గావిన్ ఏదో అంటుంటే చెయ్యెత్తి ఆపాను.

"వాషర్ అరిగిపోయింది," అన్నాను.

"అది సరే," అంది లొరేన్,
"వేడినీళ్లదా, చన్నీళ్లదా?"